డీపీటీ, పీహెచ్‌డీ రెండూ చేయాలంటే: నల్గొండ, పాలమూరు ఫిజియోలు ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఫిజియోథెరపీలో డిగ్రీ (బీపీటీ), పీజీ (ఎంపీటీ) పూర్తి చేసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, డీపీటీ చేయాలా, పీహెచ్‌డీ చేయాలా? రెండూ కలిపి చేయొచ్చంటున్నారు, నిజమేనా?" నిజమే. అయితే ఏది ముందు, ఏది తర్వాత, దేనికి మీరు పైసలు కట్టాలి, దేనికి యూనివర్సిటీయే మీకు పైసలిస్తుంది అన్నది ముందే తేల్చుకోవాలి. అది తేల్చుకోకుండా పొలం తాకట్టు పెట్టి విమానం ఎక్కితే మధ్యలో వెనక్కి తిరగడం చాలా కష్టం.

ముందు తేడా చూద్దాం. డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) అంటే పేషెంట్‌కు చికిత్స చేయడానికి అర్హతనిచ్చే క్లినికల్ డాక్టరేట్. అమెరికాలో ఫిజియోగా మొదలుపెట్టేవాళ్లకు ఇప్పుడు ఇదే డిగ్రీ, సాధారణంగా మూడేళ్లు. ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ క్యాప్టీ. పీహెచ్‌డీ పరిశోధన డిగ్రీ. ఎంత పెద్ద పీహెచ్‌డీ అయినా, అది ఒక్కటే ఉంటే పేషెంట్ మీద చెయ్యి వేసే లైసెన్స్ రాదు. అలాగే డీపీటీ ఉన్నంత మాత్రాన సొంతంగా పరిశోధన నడిపే శిక్షణ వచ్చినట్టు కాదు. పొద్దున పేషెంట్లను చూసి, సాయంత్రం ఆ పేషెంట్ల గురించే పరిశోధన చేయాలని ఉంటేనే రెండింటి గురించి ఆలోచించండి. పేరు ముందు అక్షరాల కోసమే అయితే ఇంత కష్టం అక్కర్లేదు.

ఉన్న దారులు మూడు

మొదటిది, అమెరికాలో డీపీటీ–పీహెచ్‌డీ జంట కోర్సు. డెలావేర్ యూనివర్సిటీ, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ, మయామీ యూనివర్సిటీ లాంటి చోట్ల ఉంది. మొత్తం ఆరేడేళ్లు పడుతుంది.

రెండోది, ఇక్కడి బీపీటీ లేదా ఎంపీటీతో అమెరికాలో నేరుగా పీహెచ్‌డీకి వెళ్లడం. రిహాబిలిటేషన్ సైన్స్, మూవ్‌మెంట్ సైన్స్, బయోమెకానిక్స్ లాంటి పేర్లతో ఈ కోర్సులు ఉంటాయి. లైసెన్స్ పరీక్ష విడిగా రాసి, డీపీటీ కావాలనుకుంటే తర్వాత ట్రాన్సిషనల్ డీపీటీ చేస్తారు. ఇది ఇప్పటికే ఫిజియో అయినవాళ్లకు పెట్టిన చిన్న కోర్సు.

మూడోది, ఇక్కడే ఉండి, పేషెంట్లను చూస్తూ భారతదేశంలో పీహెచ్‌డీ చేయడం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎంపీటీ చేతిలో ఉన్నవాళ్లకు రెండో దారే మంచిది. డీపీటీకి చాలాచోట్ల ఫీజు మన జేబులోంచే పోతుంది. పీహెచ్‌డీకి మాత్రం మంచి ల్యాబుల్లో ఫీజు మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. నాలుగున్నరేళ్లు చదివిన విషయాన్నే అప్పు చేసి మళ్లీ మొదటి నుంచి చదవడం చివరి మార్గం కావాలి. కుటుంబ బాధ్యతలున్నవాళ్లు, ఇప్పటికే ఇక్కడ క్లినిక్ నడుపుతున్నవాళ్లు మూడో దారిని తక్కువగా చూడకండి.

దగ్గర ఉండాల్సినవి

- పదో తరగతి మెమో నుంచి డిగ్రీ వరకు అన్ని ఒరిజినల్స్, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్
- పాస్‌పోర్ట్
- యూనివర్సిటీ ఇచ్చిన ట్రాన్స్‌క్రిప్టులు. కాలేజీ ముద్ర ఉన్న సిలబస్, క్లినికల్ గంటల లెటర్
- టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు, కొన్నిచోట్ల జీఆర్‌ఈ
- మీ పని దగ్గరగా చూసిన ముగ్గురి సిఫారసు లేఖలు
- మీదైన ఒక పరిశోధన ప్రశ్న

చివరిది లేకుండా పై ఐదూ ఉన్నవాళ్లే ఎక్కువ. అందుకే దానితో మొదలుపెడుతున్నాను.

1. ముందు ప్రశ్న, తర్వాత యూనివర్సిటీ

"న్యూరో రిహాబ్‌లో చేయాలనుకుంటున్నా" అనేది ప్రశ్న కాదు, విభాగం పేరు. మీ ముందున్న పేషెంట్లను చూడండి. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరైడ్ బోరునీళ్లు ఏళ్లకేళ్లు తాగిన పెద్దవాళ్లు ఇప్పటికీ వస్తారు. వెన్నెముక చుట్టూ లిగమెంట్లు గట్టిపడి ఎముకలా మారతాయి, మెడ తిరగదు, నడుము వంగదు. కొందరికి వెన్నుపాముపై ఒత్తిడి పడి కాళ్లు బిగుసుకుపోతాయి. కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చినంత మాత్రాన ముప్పై ఏళ్ల కింద బిగిసిన వెన్ను తిరిగి వదులు కాదు. వీళ్లకు ఏ వ్యాయామం పనికొస్తుంది, ఏది హాని చేస్తుంది? మామూలు వెన్నునొప్పికి చెప్పే స్ట్రెచింగే వీళ్లకూ చెప్పొచ్చా? ఇలా అడిగితే అది ప్రశ్న.

పాలమూరు వైపు అయితే ముంబయి, పుణెల్లో మట్టిపని చేసి తిరిగొచ్చిన కూలీల నడుములు, మోకాళ్లు ఉన్నాయి. పత్తి ఏరే ఆడవాళ్ల మెడనొప్పి ఉంది. డిశ్చార్జి అయ్యాక ఫిజియో అందుబాటులో లేని తండాల్లో పక్షవాతం పేషెంట్లు ఉన్నారు. దూరదేశపు ప్రొఫెసర్‌కు వీళ్లందరి గురించి మీరు చెప్పగలిగినంత ఇంకొకరు చెప్పలేరు. ప్రవేశాల్లో మీ బలం అదే.

సరిచూసుకోవడం ఇలా: మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. ఎవరిలో, ఏం చేస్తే, దేనితో పోల్చితే, ఏది మారుతుంది అనే నాలుగూ అందులో ఉండాలి. ఆ వాక్యాన్ని మీ ఊరి ఆశా కార్యకర్తకు చదివి వినిపించండి. ఆమెకు అర్థం కాకపోతే మీకూ ఇంకా స్పష్టత రాలేదని అర్థం.

2. కొలవడం ఈ వారమే మొదలుపెట్టండి

దీనికి యంత్రాలు అక్కర్లేదు. టైమ్డ్ అప్ అండ్ గో పరీక్షనే తీసుకోండి. చేతులున్న కుర్చీ ఒకటి, కూర్చునే ఎత్తు దాదాపు 46 సెంటీమీటర్లు. కుర్చీ నుంచి 3 మీటర్లు టేపుతో కొలిచి నేల మీద రంగు టేపు అంటించండి. పేషెంట్ లేచి, గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. పెద్ద వయసువాళ్లకు 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే కింద పడే ప్రమాదం ఉన్నట్టని అమెరికా సీడీసీ చెబుతుంది.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: కొందరు పేషెంట్ లేచాక వాచ్ నొక్కుతారు, "మొదలుపెట్టండి" అన్న మాటతోనే నొక్కాలి. మొదటిసారి చెప్పులతో, రెండోసారి ఒట్టి కాళ్లతో నడిపిస్తారు. ఒకరోజు ప్లాస్టిక్ కుర్చీ, ఇంకోరోజు స్టూలు వేస్తారు. చేతికర్ర వాడారా లేదా అన్నది రాయరు. ఇలాంటి లెక్కలు పేపర్‌కు పనికిరావు. మీరు ఒకసారి, మీ తోటి ఫిజియో ఒకసారి అదే పేషెంట్‌కు విడివిడిగా కొలిచి చూడండి. ఇద్దరి అంకెలూ దగ్గరగా రాకపోతే కొలిచే పద్ధతి సరిచేసుకున్నాకే ముందుకెళ్లండి.

జాగ్రత్త: చికిత్సలో భాగంగా నోట్స్ రాసుకోవడం వేరు, వాటిని పరిశోధనగా అచ్చు వేయడం వేరు. రెండోదానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి, పేషెంట్ సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి పేషెంట్‌ను చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో, అంటే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్టర్‌లో, నమోదు కావాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి ట్రయల్ మొదలయ్యాక నమోదు చేసుకోవడం కుదరదు. మీ క్లినిక్‌కు సొంత కమిటీ ఉండదు కాబట్టి, దగ్గరి మెడికల్ కాలేజీలో ఒక ఫ్యాకల్టీతో కలిసి పనిచేస్తూ అక్కడి కమిటీకి పెట్టుకోవడం మేలు. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు బయటి కమిటీ ద్వారా అనుమతి తీసుకోవడానికి ఒప్పుకుంటాయి.

3. కాగితాల పని: ఆర్నెల్లు ముందు నుంచే

పాత బ్యాచ్‌లకు డిగ్రీ ఇచ్చింది విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ. తర్వాతి బ్యాచ్‌లకు వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ. మీ ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మీద ఏ పేరుందో చూసుకుని అక్కడికే వెళ్లండి. బీపీటీ ఒకచోట, ఎంపీటీ ఇంకోచోట అయితే రెండు చోట్లా తిరగక తప్పదు. కనీసం ఐదారు సెట్లు తీసుకోండి, సీల్ వేసిన కవర్లు మీరు విప్పకండి.

మనవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ వేరు, డిగ్రీలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించి ఉంటుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే దరఖాస్తులు పెట్టకముందే సరిచేయించుకోండి. పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో టోఫెల్, జీఆర్‌ఈ, లైసెన్స్ దరఖాస్తు అన్నిట్లోనూ అలాగే ఉండాలి.

4. లైసెన్స్ దారి ముందే చూసుకోండి

రెండో దారి పట్టేవాళ్లకు ఇది ముఖ్యం. అమెరికాలో లైసెన్స్ ఇచ్చేది కేంద్రం కాదు, ఒక్కో రాష్ట్రం. విదేశీ డిగ్రీని ఎఫ్‌సీసీపీటీ లాంటి సంస్థ పోల్చి చూసి, అక్కడి చదువుకు సమానమా కాదా అని నివేదిక ఇస్తుంది. మన బీపీటీలో ఫిజియో సబ్జెక్టులు సరిపోయినా, జనరల్ సబ్జెక్టుల క్రెడిట్లు తక్కువ పడటం మామూలే. అలాంటప్పుడు భయపడి కొత్తగా డీపీటీలో చేరనక్కర్లేదు. క్లెప్ అనే, కాలేజీ సబ్జెక్టులకు క్రెడిట్లు ఇచ్చే పరీక్షలు రాసి కొన్ని లోట్లు పూడ్చుకోవచ్చు. ఏవి ఒప్పుకుంటారో నివేదిక వచ్చాక ఆ సంస్థనే రాతపూర్వకంగా అడగండి.

తర్వాత అమెరికా ఫిజియో లైసెన్స్ పరీక్ష, ఎన్‌పీటీఈ. స్కోరు 200 నుంచి 800 వరకు ఉంటుంది, 600 వస్తే పాస్. 12 నెలల్లో మూడుసార్లకు మించి రాయనివ్వరు, జీవితకాలంలో ఆరుసార్లే. రెండుసార్లు 400 లేదా అంతకన్నా తక్కువ వస్తే మళ్లీ కూర్చోనివ్వరు. కాబట్టి "ఒకసారి రాసి చూద్దాం" అని వెళ్లొద్దు. ప్రాక్టీస్ పరీక్షల్లో నిలకడగా పాస్ స్కోరు వచ్చాకే తేదీ తీసుకోండి.

కన్సల్టెన్సీ "డీపీటీ సీటు" అంటే వెంటనే రెండు ప్రశ్నలు అడగండి. ఇది క్యాప్టీ గుర్తింపు ఉన్న ఎంట్రీ లెవెల్ డీపీటీయా, ట్రాన్సిషనల్ డీపీటీయా? ఇది పూర్తి చేస్తే ఏ రాష్ట్రంలో ఎన్‌పీటీఈకి అర్హత వస్తుంది? జవాబు మెయిల్‌లో ఇవ్వమనండి. క్యాప్టీ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు మీరే వెతకండి. ట్రాన్సిషనల్ డీపీటీకి క్యాప్టీ గుర్తింపు ఉండదు, చాలాచోట్ల దానికి ముందే లైసెన్స్ అడుగుతారు. ఈ తేడా తెలియక ఫీజు కట్టినవాళ్లు ఉన్నారు. వారాంతాల్లో నాలుగు క్లాసులు పెట్టి "డీపీటీ" అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల జోలికి అసలు పోవద్దు.

5. గైడ్‌ను పట్టుకోవడం

అమెరికాలో ఆగస్టులో మొదలయ్యే పీహెచ్‌డీలకు చాలాచోట్ల డిసెంబరు చుట్టుపక్కల గడువు ముగుస్తుంది. మీరు ప్రొఫెసర్లకు రాయాల్సింది అంతకు ముందు జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో. జంట కోర్సుకైతే డీపీటీ వైపు దరఖాస్తు పీటీక్యాస్ (డీపీటీ కోర్సుల ఉమ్మడి ఆన్‌లైన్ దరఖాస్తు) ద్వారా, పీహెచ్‌డీ వైపు గ్రాడ్యుయేట్ స్కూల్‌కు విడిగా పెట్టాల్సి రావొచ్చు. రెండు గడువులూ ఒకటే అనుకోకండి. ముందే చదవాల్సిన సబ్జెక్టుల జాబితా కూడా ఒక్కో కాలేజీది ఒక్కోలా ఉంటుంది.

ఒకే మెయిల్‌ను వందమందికి "రెస్పెక్టెడ్ సర్" అని పంపితే ఎవరూ చదవరు. పదిమందిని ఎంచుకోండి. ఒక్కొక్కరి ఈ మధ్య పేపర్లు రెండు పూర్తిగా చదవండి. మెయిల్ ఐదారు వాక్యాలు మించకూడదు. మీరెవరు, మీ ప్రశ్న ఏంటి, వాళ్ల ఏ పేపర్‌కు అది ఎలా ముడిపడుతుంది, మీరు ఇప్పటికే ఏం కొలిచారు, వచ్చే ఏడాది ఫండింగ్‌తో విద్యార్థిని తీసుకుంటున్నారా, అంతే. సీవీ ఒక్కటే జతచేయండి. పది రోజులకు జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి, మళ్లీ రాయకండి.

మాట్లాడటానికి పిలిస్తే మీరూ అడగండి. మీ దగ్గర పీహెచ్‌డీ ఎన్నేళ్లలో పూర్తవుతోంది? ఫండింగ్ ఎన్నేళ్లకు రాసిస్తారు? క్లినిక్‌లో పనిచేసే ఫిజియోలు ల్యాబ్‌లో ఉన్నారా? వీలైతే ఆ ల్యాబ్‌లో చదువుతున్న విద్యార్థితో విడిగా మాట్లాడండి. గైడ్ ఎలాంటి మనిషో వాళ్లే చెప్పగలరు.

6. డబ్బు

ఆఫర్ లెటర్‌లో మూడు విషయాలు చూడాలి: ఫీజు మాఫీ పూర్తిగానా సగమేనా, స్టైపెండ్ 9 నెలలకా 12 నెలలకా, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు. జంట కోర్సయితే డీపీటీ చదివే ఏళ్లకు ఫండింగ్ వర్తిస్తుందా అన్నది విడిగా అడగండి. చాలాచోట్ల పీహెచ్‌డీ ఏళ్లకే ఉంటుంది.

అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఎఫ్30, ఎఫ్31 ఫెలోషిప్పుల పేర్లు మీకు కనబడతాయి. అవి అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. వాటిని లెక్కలో వేసుకోకండి. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. రూ.20 లక్షల వరకు సాయం, దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైట్‌లో. మీరు చేరబోయే కోర్సు జాబితాలో ఉందా అని జిల్లా సంక్షేమ కార్యాలయంలో ముందే కనుక్కోండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు మీ సేవ నుంచి తాజాగా తీసుకుని ఉంచండి.

7. వీసా మీద ఉన్నప్పుడు

ఎఫ్‌1 (విద్యార్థి) వీసా మీద ఉంటే సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. స్టైపెండ్ కోసం చేసే మీ అసిస్టెంట్‌షిప్ పనికే ఆ గంటలు సరిపోతాయి. ఎన్‌పీటీఈ పాసై లైసెన్స్ చేతికొచ్చినా, అనుమతి లేకుండా బయటి క్లినిక్‌లో ఒక్క పేషెంట్‌ను చూసినా స్టేటస్ పోతుంది. "తెలిసినవాళ్ల క్లినిక్, చేతికి డబ్బులిస్తారు" అన్న మాట నమ్మకండి.

ఇంకో విషయం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. చదువయ్యాక పనిచేయడానికి ఇచ్చే 12 నెలల ఓపీటీ ఒక్కో చదువు స్థాయికి ఒక్కసారే. డీపీటీ, పీహెచ్‌డీ రెండూ డాక్టరేట్ స్థాయివే. మొదటిదాని తర్వాత వాడేసుకుంటే రెండోదాని తర్వాత మిగలకపోవచ్చు. ఏది ఎప్పుడు వాడాలో చేరిన మొదటి సెమిస్టర్‌లోనే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో కూర్చుని రాసుకోండి. సైన్స్, టెక్నాలజీ లాంటి కోర్సులకు ఓపీటీని పెంచే స్టెమ్ పొడిగింపు వస్తుందా రాదా అన్నది ఐ20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద ఉన్న కోర్సు కోడ్‌ను బట్టి ఉంటుంది.

8. ఇక్కడే ఉండి చేసేవాళ్లకు

2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల సడలింపు, మొత్తం చదువులో 240 రోజుల వరకు ప్రసూతి లేదా పిల్లల సంరక్షణ సెలవు ఉన్నాయి. పార్ట్‌టైమ్ ఒప్పుకుంటారు కానీ, మీరు పనిచేసే ఆసుపత్రి ఎన్‌ఓసీ ఇవ్వాలి, అందులో చదువుకు సమయం ఇస్తామని రాసి ఉండాలి. మామూలు "అభ్యంతరం లేదు" లెటర్ తెచ్చి వెనక్కి తిరిగొచ్చినవాళ్లను చూశాను. మాస్టర్స్‌లో 55 శాతం అన్నది సాధారణ అర్హత. రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంటుంది.

రెండు హెచ్చరికలు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని 2022లో యూజీసీ చెప్పింది పీహెచ్‌డీకి వర్తించదు. విదేశీ యూనివర్సిటీ పేరుతో ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీకి ఇక్కడ గుర్తింపు లేదని కూడా యూజీసీ అదే ఏడాది చెప్పింది.

గైడ్ ఎలా పనిచేస్తారో తెలుసుకోవడానికి మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే వెబ్‌సైట్ శోధ్‌గంగలో వారి పేరుతో వెతకండి. వారి విద్యార్థుల థీసిస్‌లు ఉంటాయి. రెండు మూడు చదివితే స్థాయి తెలిసిపోతుంది. పీహెచ్‌డీలో నమోదైనవాళ్లు కొన్ని నెలలు అమెరికా ల్యాబ్‌లో పనిచేసే ఫుల్‌బ్రైట్–నెహ్రూ డాక్టోరల్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు పోటీపడొచ్చు. అప్పు లేకుండా అక్కడి ల్యాబ్ అనుభవం కావాలంటే ఇది మంచి దారి.

పేపర్ త్వరగా రావాలని డబ్బు కట్టి వారంలో అచ్చేసే జర్నల్స్‌కు పంపకండి. ప్రొఫెసర్లు మీ సీవీలో మొదట చూసేది ఆ జర్నల్ పేరే. ఒక మంచి కేస్ రిపోర్ట్ అలాంటి ఐదు పేపర్ల కంటే మేలు.

9. ఏటా ఒకసారి సరిచూసుకోండి

చేరాక ప్రతి ఆగస్టులో ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోండి. లైసెన్స్ పని ఎంతవరకు వచ్చింది? ఈ ఏడాది పేషెంట్‌తో ఎన్ని గంటలు గడిపాను? ప్రశ్న ఇంకా అదేనా, మారితే గైడ్‌కు తెలుసా? నా డేటాను నేనే విశ్లేషించగలనా, ఇంకొకరి మీద ఆధారపడుతున్నానా? వరుసగా రెండేళ్లు క్లినిక్ గంటలు సున్నా ఉంటే, గైడ్‌తో మాట్లాడి ల్యాబ్ అధ్యయనంలోనే పేషెంట్లను అంచనా వేసే బాధ్యత అడిగి తీసుకోండి. లైసెన్స్ ఉంటే దాని రెన్యూవల్ తేదీ, అందుకు కావాల్సిన శిక్షణ గంటలు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి.

మొదటి ఏడాది ఫండింగ్ ఉన్న ఆఫర్ రాకపోతే సొంత డబ్బుతో వెళ్లిపోకండి. మర్యాదగా కాదన్న ప్రొఫెసర్లకు ఒక మెయిల్ రాసి, దరఖాస్తులో ఏది తక్కువైందో అడగండి. అందరూ చెప్పరు, ఒకరిద్దరు చెబుతారు. ఆ లోటు మీద ఏడాది పనిచేసి, వచ్చే జులైలో కొత్త డేటాతో మళ్లీ రాయండి.